యారాలి మీద అజమాయిషీ

నన్ను మేటును చేసిన రోజు నేను గొర్ల దొడ్డి ఊడుస్తున్నాను. ఉపాధి పనికి వెళ్లే ప్రతి గుంపుకూ ఒక మేటు ఉండాలని, నాలుగక్షరాలు వచ్చిన ఆడమనిషి అయితే మంచిదని పంచాయతీ నుంచి మాట వచ్చింది. మా వాడకట్టులో చదువుకున్న కోడళ్లు లేకపోలేదు. కానీ అప్పట్లో వాళ్లెవరూ మన్ను పనికి వచ్చేవాళ్లు కారు. వచ్చేవాళ్లలో కూడబలుక్కునైనా చదవగలిగింది నేనొక్కదాన్నే. అందుకని నన్ను పెట్టారు. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి ఇది. మాది మర్రిగూడ దిక్కు. వాన పడితే పత్తి, పడకపోతే గొర్లు, ఎండాకాలం ఉపాధి పని.

మేటు అంటే ఏమిటని మా ఇంటాయన అడిగాడు.

"మేస్త్రీ అసోంటిదే. కని ఎవల్ని తిట్టొద్దంట" అన్నాను.

"తిట్టకుంటే మేస్త్రీ ఎట్లయితది?" అన్నాడు ఆయన, నిజంగానే అర్థం కాక.

ఆయన వయసులో ఉన్నప్పుడు గుంపు మేస్త్రీల కింద ఎక్కడెక్కడో కాలువలు తవ్వి వచ్చినవాడు. మేస్త్రీ అనే మాట వింటేనే ఆయన భుజాలు దగ్గరికి ముడుచుకునేవి. లారీ ఎక్కేదాకా అన్నా, తమ్మీ అని పిలిచి, దిగిన తర్వాత పేరు కూడా పెట్టి పిలవని మనిషి ఆయన లెక్కలో మేస్త్రీ. అటువంటి పని పెళ్లాం చేస్తానంటే ఆయనకు నచ్చలేదు. వద్దని మాత్రం అనలేదు.

నా లెక్క వేరే. నా చిన్నప్పుడు పటేలు చేనులో కలుపు తీస్తుంటే గట్టు మీద గొడుగు పట్టుకొని ఒక మనిషి నిలబడేవాడు. ఆయన పని చెయ్యడు, మాట్లాడడు, నిలబడతాడు, అంతే. ఆయన గొడుగు నీడ ఎటు పోతే అటువైపు ఆడవాళ్ల చేతులు జోరుగా కదిలేవి. మా నాయిన దాన్ని "నిగా" అనేవాడు. "పని మనది, నిగా వాళ్లది" అనేవాడు. చూపుకు కూడా కూలి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత పెళ్లయి వస్తే ఇక్కడ అత్త ఉంది. అత్తకు వేరే పేరు అక్కరలేదు.

మా అత్తకు ఇద్దరం కోడళ్లం. పెద్ద కోడలు మా బావ భార్య, నా యారాలు. నేను అక్కా అని పిలుస్తాను. నాకంటే ముందు వచ్చి, నాకంటే ఎక్కువ తిట్లు తిని, నాకు మిగిలిన తిట్లలో సగం తనే మీద వేసుకున్న మనిషి. నలభై దాటాక నేను పలక పట్టింది కూడా ఆమె పుణ్యమే. మా ఊళ్లో పెద్దవాళ్లకు బడి పెట్టినప్పుడు ఇద్దరం పోదామని అడిగాను.

"ఇద్దరం పోతే బర్రెను ఎవలు పిండాలె? మన ఇద్దరిట్ల ఒక్కతికి వస్తే సాలు. నువ్వు పో. నీకు నోరెక్కువ, జర అక్షరాలు కూడ ఉంటే ఇంకింత బాగుంటది" అంది.

అట్లా నాకు చదువొచ్చింది. ఆమెకు రాలేదు.

మేట్లకు మండలంలో ఒక పూట చెప్పి పంపారు. గోడ మీద ఒక పెద్ద మాట రాసి ఉంది. దాన్ని చదవడానికి నేను పడ్డ తిప్పలు చెప్పలేను. పక్కామె మీద మోచెయ్యి ఆనించి, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క అక్షరం పట్టుకొని పోతే చివరికి పర్యవేక్షణ అని తేలింది. అర్థం అడిగితే, పని సక్రమంగా జరుగుతుందో లేదో చూడటం అన్నారు. అంత పెద్ద మాట లోపల గొడుగు పట్టుకున్న ఆ మనిషే నిలబడి ఉన్నాడు. నాకు విసుగు పుట్టింది. ఇంటికి వచ్చి యారాలికి చెబితే, "గా మాట పలుకుతె దూప అయి నీళ్లు తాగాలె, ఇడిసిపెట్టు" అంది.

మాకు తెలిసిన మాట జిమ్మ. మా అమ్మ కూలికి పోతూ మేకలను, చంటిదాన్ని చూపించి "నీ జిమ్మ" అనేది. ఆ మాట అన్నాక మేక తప్పిపోయినా, పిల్ల పడినా జవాబు నాది. పెత్తనం చేసేవాడికి అటువంటి భయం ఉండదు. నన్ను మేటును చేసినవాళ్లు పెత్తనం ఇచ్చామనుకున్నారు. నాకు మాత్రం మేకలు గుర్తొచ్చాయి.

మా పని ఇట్లా ఉండేది. చెరువులోనో, కంచెలోనో కొలిచి గీతలు గీసి గుంతలు పంచుతారు. గుంతకు ఇద్దరు, దాన్ని జోడి అంటాం. ఒకరు గడ్డపారతో తవ్వుతారు, ఒకరు మట్టి తట్టకెత్తి పోసి వస్తారు. అలిసినప్పుడు మార్చుకుంటారు. వారం చివర గుంతల లోతు చూసి గుంపు మొత్తానికి కూలి కట్టి అందరికీ సమానంగా పంచుతారు. అందుకే ఎవరి చెయ్యి ఆగినా అందరికీ కనబడుతుంది. నేను చూడాల్సిన పనే లేదు. ముప్పై జతల కళ్లు నాకంటే ముందే చూసేవి.

గుంపులో ఎముకలు పట్టేసిన ముసలామె ఒకరుంటే ఆమెకు నీళ్ల పని ఇవ్వడం మా దగ్గర పద్ధతి. మా దిక్కు నీళ్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది. ఇప్పుడు కృష్ణ నీళ్లు నల్లాలో వస్తున్నాయి. మా యారాలి ఎముకలు మాత్రం ఫ్లోరైడు ఉన్న పాత బోరు నీళ్లు తాగి పెరిగినవి. నడుము వంగిపోయింది, మెడ తిరగదు. చేతులు బాగానే ఉన్నాయి, నోరు ఇంకా బాగుంది. నేను మేటును అయ్యేనాటికే ఆమె మా గుంపు నీళ్లామె.

బిందె పక్కన పెట్టుకొని చెంబుతో దోసిట్లోకి పోసేది. ఆమె వంగే ఉంటుంది కాబట్టి తాగేవాళ్లు గొంతుక్కూర్చోవాలి. పోస్తూ ఒక మాట అంటించేది.

"మొగుని మీది కోపం మట్టి మీద తీస్తున్నవేందే? నిమ్మలంగ తవ్వు, గడ్డపార ఇరుగుతది."

"నీ కోడలు ఫోన్ల మాట్లాడుతాందని గింత ఫికరా? నువ్వు మీ అత్తతోని తిట్లు తినేటప్పుడు ఫోన్ ఉంటే నువ్వు మాట్లాడకపోతుంటివా?"

తాగేవాళ్లకు నవ్వొచ్చి నీళ్లు ముక్కుల్లోకి పోయేవి. ఆ మాత్రానికే కొందరు దప్పిక లేకపోయినా వచ్చేవాళ్లు.

తర్వాత ఫోన్ వచ్చింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అందరినీ నిలబెట్టి ఫోటో తీసి పంపాలి. ముఖాలు కనబడాలి. కనబడకపోతే ఆ రోజు రానట్టే. మా దగ్గర సిగ్నల్ దొరకదు. ఫోను పట్టుకొని గుట్ట ఎక్కితే దొరుకుతుంది. ముసలిదాన్ని, గుట్ట ఎక్కి చెయ్యి పైకెత్తి నిలబడేదాన్ని. కింద నుంచి ఆడవాళ్లు అరిచేవాళ్లు, "పోయిందా అక్కా?" అని. "పోతాంది, పోతాంది" అనేదాన్ని. ఫోనులో గుండ్రం తిరుగుతూనే ఉండేది.

నిలబెట్టి తీస్తే యారాలి ముఖం రాదు. నడినెత్తి మాత్రమే వస్తుంది. ఒకసారి ఆమె హాజరు అట్లాగే పోయింది. ఆ మరునాటి నుంచి నేను నేల మీద కూర్చొని ఫోటో తీశాను. అప్పుడు కింది నుంచి అందరి గదవలు, మెడలతో పాటు ఆమె ముఖం కూడా వచ్చేది.

"గీ మేటు మాకు దండం పెడుతాందా, ఫోటో తీస్తాందా?" అనేది ఆమె.

ఏళ్లు గడిచిన కొద్దీ గుంపు పలచబడింది. కొందరు పట్నంలో కట్టే ఇండ్ల దగ్గరికి పోయారు, కొందరు మిల్లులకు ఆటోల్లో పోతున్నారు. మిగిలింది నాలాంటి ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు. పది చదివిన ఒక కోడలు మాత్రం కొత్తగా చేరింది. మూడిళ్ల అవతల ఆమె. నన్ను అత్తమ్మా అంటుంది, ఫోను చెడిపోతే బాగుచేసి ఇస్తుంది.

ఈ ఎండాకాలం మొదట్లో ఒక సారు పని చూడటానికి వచ్చాడు. మా చిన్నోడి వయసు ఉంటుంది. మర్యాదగానే మాట్లాడాడు. గుంతలు చూశాడు, మంచిగున్నాయన్నాడు. అప్పుడు బిందె దగ్గర యారాలు కనబడింది.

"ఈమె ఎవరమ్మా?"

"నీళ్లామె సారూ" అన్నాను.

"మీ గుంపు సగమైంది కదా. గింతమందికి నీళ్లకు వేరే మనిషంటే నేను పై వాళ్లకు ఏం చెప్పాలె?"

"గుంపు తగ్గితే దూప తగ్గుతదా సారూ?" అంది యారాలు.

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు. నవ్వాక మళ్లీ అదే మాటకు వచ్చాడు.

"నువ్వాగమ్మా, నేను మేటును అడుగుతున్న."

"మేటు నా యారాలే. దానికి మాటలు నేర్పిందే నేను."

సారు నన్ను పక్కకు పిలిచాడు. "చూడమ్మా, ఇక్కడ పర్యవేక్షణ నీది. ఆమె తవ్వితె తవ్వనియ్యి. చాతకాకపోతే ఇంట్ల ఉండుమను. రేపటి సంది నీళ్ల పనికి ఆమె హాజరు ఎయ్యకు. ఎవరి నీళ్లు వాళ్లు సీసాల తెచ్చుకుంటరు" అని చెప్పి బండి ఎక్కాడు.

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన మీద ఇంకొకాయన ఉంటాడు. ఆ పైనాయన మీద మరొకాయన. అందరి గొడుగు నీడా చివరికి ఎక్కడో ఒకచోట పడాలి కదా.

సద్ది తినేటప్పుడు తుమ్మల నీడలో అందరికీ చెప్పాను. యారాలు కూడా అక్కడే ఉంది. ఆమె వెనక చెప్పడం నాకు చాతకాదు.

చంటిపిల్ల తల్లి ఒకామె అంది, "గా దానికేముంది. అక్క పేరు మీద తలా ఇంత మనమే తవ్వుదాం. ఆమెను కూసోనియ్యుండ్రి."

మూలింటామె ఉన్నదున్నట్టు మాట్లాడుతుంది. "చెప్పుడు అల్కనే. ఇప్పుడు తవ్వేదే తేలుతలేదు. మల్లొక గుంత ఎవలు తవ్వుతరు?"

"నా పేరు మీద మీరు తవ్వుడేందే?" అంది యారాలు. "నేను సచ్చిన్నా? దినాలు చేస్తున్నరా? నాకు జోడి ఇయ్యుండ్రి. కూసోని మట్టి తట్టకెత్తుత. తవ్వేటామె తవ్వుతది, మోసేటామె మోస్తది."

"తవ్వేటామె, మోసేటామె ఒక్కతే కదా అక్కా" అంది మూలింటామె.

అది నిజం. ఆమెతో జోడి కట్టినవాళ్లకు మార్చుకునేది ఉండదు. పొద్దుందాకా గడ్డపారా వాళ్లదే, తట్టా వాళ్లదే.

"అక్కకు ఎవలు జోడి?" అని అడిగాను.

ఒకామె టిఫిన్ మూత గట్టిగా ఉన్నా మళ్లీ బిగించింది. చంటిపిల్ల తల్లి పిల్ల దిక్కు చూసింది. పది చదివిన కోడలు నా దిక్కు చూసి తల దించుకుంది. ఆమెకు అప్పటికే ఒక ముసలామె జోడి. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఎండలో తవ్వినవాళ్లకు తెలుసు, మంచితనం ఏ పొద్దు దాకా ఉంటుందో.

"నువ్వు మేటువు గదా. ఫలానామె నువ్వు పోవే అని హుకుం చెయ్యి. పోకపోతే అప్పుడు అడుగు" అంది మూలింటామె.

చెయ్యొచ్చు. చేస్తే ఎవరో ఒకరు పోతారు. పోయి, ప్రతి గడ్డపార పోటునూ నా యారాలికి వినబడేట్టు వేస్తారు. తట్ట తెచ్చి ఆమె కాళ్ల దగ్గర విసిరేస్తారు. ఆమె ఆ రోజంతా నోరు మూసుకొని మట్టి ఎత్తుతుంది. అటువంటి హుకుం నా నోట రాలేదు.

సాయంత్రం ఇద్దరం ఇంటికి నడిచాం. ఆమెతో నడిస్తే మెల్లగా నడవాలి.

"రేపు రావొద్దని చెప్పెటందుకు నోరు వస్తలేదా మేటుకు?" అంది.

"వస్తలేదు."

"నా కోడలుకు వస్తది. మంచిగ చెప్తది. మంచం మీద కూసోబెట్టి, చాయ చేతికిచ్చి, అత్తమ్మా నువ్వు ఏం ముట్టకు అంటది. మంచిది. పాపం, మస్తు మంచిది."

దారిలో ఉన్న తుమ్మ కంపను నేను కాలితో పక్కకు నెట్టాను.

"మన అత్త యాదికున్నదా? గామెను గట్లనే కూసోబెట్టినం. కూసుందాంక నడిసింది. కూసున్నంక కాళ్లు రాలే. పట్టుకపోయినయి. నేనే ఎత్తి పండబెట్టేదాన్ని. గా నోరు, గన్ని తిట్లు, ఆఖరికి నీళ్లు గావాల్నంటే కూడ కండ్లతోని చూపెట్టేది." నా భుజం పట్టుకొని ఊపిరి తీసుకుంది. "నేను పైసల కోసం వస్తలేనే. కూసోవద్దని వస్తున్న."

ఆమె భయపడగా నేను చూడటం అదే మొదటిసారి. మా అత్తకు కూడా ఆమె ఎన్నడూ భయపడలేదు.

పొద్దున పనికి పోయేముందు ఆ పది చదివిన కోడలింటికి పోయాను. చాట ముందు పెట్టుకొని బియ్యం ఏరుతోంది.

"నేను దిగుతున్న. మేటు పని నువ్వు చూసుకో" అన్నాను.

"అమ్మో అత్తమ్మా! మీ అందరి మీద నేను పెత్తనం చేసుడా? మూలింటి అత్త నన్ను నమిలి మింగుతది."

"పెత్తనం లేదు, పాడు లేదు. ఫోటో తీసుడు, గుట్ట ఎక్కుడు. నీకు మోకాళ్లున్నయి. నీ జోడి ముసలామె మూలింటామె గుంతల మూడో మనిషిగ కలుస్తది, మాట్లాడిన."

"మరి నువ్వేం జేస్తవు?"

"గడ్డపార పడ్త."

చేతిలో బియ్యం చాటలోనే వదిలేసి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నా వయసు, నా నడుము ఆమెకు తెలుసు. కానీ అడ్డం చెప్పలేదు. సారుకు ఫోన్ చేస్తే, ఎవరైనా ఒకటే, ఫోటో మాత్రం ఆగొద్దన్నాడు. ఇన్నేళ్ల మేటు పని రెండు మాటల్లో అయిపోయింది.

యారాలికి తెలిసి సంతోషపడుతుందనుకున్నాను. మండిపడింది.

"నా కోసం దిగినవా?"

"నీ కోసం ఎందుకు? ఛార్జింగు పెట్టి పెట్టి యాష్టకొచ్చింది."

"అబద్ధాలు గూడ అక్షరాలతోని పాటు నేర్పినరా నీకు?"

"తట్ట పట్టుకో. పొద్దెక్కుతాంది" అన్నాను.

గడ్డపార పట్టి ఎన్నేళ్లయిందో. మొదటి పోటుకే అరచేతులు మండాయి. ఎండిన చెరువు మట్టి రాయిలాగా ఉంది. నాలుగు పోట్లు వేసి నిలబడతాను, ఊపిరి ఆడదు. యారాలు గుంతలో కూర్చొని చేతిపారతో పెళ్లలు దగ్గరికి లాక్కొని తట్ట నింపుతుంది. తట్ట నేను మోయాలి. పోసి వచ్చేసరికి ఇంకొకటి సిద్ధంగా పెట్టి ఉంటుంది. వేలెడు సందు కూడా ఇవ్వదు.

"గట్ల పైపైన గీకుతవేందే? కోడి గీకినట్టు. మొన పెట్టి లేపు."

"లేపుతున్న గదా."

"ఎడమ దిక్కు మెత్తగుంది, అటు తవ్వు. గట్టి దిక్కే ఎందుకు పోతవు? ఎన్నడన్న నా మాట ఇన్నవా?"

మా అత్త గొంతు వింటున్నట్టే ఉంది. ఆ మాటే అన్నాను. చాలాసేపు నవ్వింది. నవ్వితే ఆమెకు పక్కటెముకలు నొస్తాయి. పట్టుకొని నవ్వింది.

వారం చివర కొత్త మేటు టేపు పట్టుకొని మా గుంత దగ్గరికి వచ్చింది. కొలిచింది, మళ్లీ కొలిచింది. ఆమె ముఖం చూస్తే నాకే జాలేసింది.

"అత్తమ్మా, మీది జర తక్కువైంది. అందరి కన్న" అంది, మాకు మాత్రమే వినబడేట్టు.

మేటుగా ఉన్నప్పుడు ఇదే మాట నేను ఎంతమందికి చెప్పానో. కింద నిలబడి వినడం వేరేగా ఉంది. పక్క గుంత నుంచి మూలింటామె చూస్తోంది. ఏమన్నా అంటుందని నేను ఎదురుచూశాను. అనలేదు. అనకపోవడం ఎన్నాళ్లుంటుందో తెలియదు.

"తక్కువుంటే తక్కువే రాయి బిడ్డా" అంది యారాలు. "వచ్చే వారం ఎక్కువ రాయిస్త దీనితోని."

కొత్త మేటు వెళ్లిపోయింది. నేను గుంత అంచున కూర్చున్నాను. నడుములో ఎవరో మేకు దించినట్టుంది. వచ్చే వారం ఎక్కువ తవ్వడం నా వల్ల కాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఈ ఎండాకాలం గడుస్తుంది. వచ్చేదాని సంగతి చెప్పలేను. ఇద్దరిలో ఎవరి ఎముకలు ముందు ఆగుతాయో దేవుడికే తెలియాలి.

యారాలు చేతిపార తట్ట అంచుకేసి కొట్టింది.

"కూసుంటే కాళ్లు పట్టుకపోతయి. లెవ్వే, తట్ట నిండి ఎంతసేపాయె?"

లేచాను.